గురువారం జాకీ వంతు

లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే ఇంగ్లండు పల్లెటూళ్లో, పాస్టరుగారింట్లో పిల్లలకు ఒక వంతు ఉండేది. సోమవారం మోలీ, మంగళవారం హెట్టీ, బుధవారం నాన్సీ, గురువారం జాకీ, శుక్రవారం ప్యాటీ, శనివారం ఛార్లెస్, ఆదివారం ఎమిలీ, సూకీ. వంతు వచ్చిన సాయంత్రం అమ్మతో విడిగా కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకోవాలి. ఆ అమ్మ సుసన్నా వెస్లీ. జాకీ అనే జాన్, తమ్ముడు ఛార్లెస్ పెద్దయ్యాక మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషులయ్యారు.

తిమోతి విశ్వాసంలో అతని అవ్వ లోయి, తల్లి యునీకే విశ్వాసాన్ని పౌలు గుర్తుపట్టాడు. అది తిమోతికి ఎలా అందిందో మాత్రం పౌలు అతనికి రాసిన పత్రికలో వివరంగా లేదు. తల్లి విశ్వాసం పిల్లలకు ఎలా అందుతుందన్న వివరం సుసన్నా ఉత్తరాల్లో దొరుకుతుంది.

ఈ వంతుల వెనుక మన తీరం ఉంది. తమిళ తీరంలోని తరంగంబాడికి డెన్మార్క్ రాజు పంపిన మిషనరీల వృత్తాంతం చదివి ఆమె కదిలిపోయింది. తాను మగవాణ్ని కాను, బోధకుణ్నీ కాను, అయినా ఇప్పటికంటే ఎక్కువే చేయగలననుకుని సొంత పిల్లలతో మొదలుపెట్టింది. ఈ సంగతి 1712లో భర్తకు తనే రాసింది.

జాన్ అడిగితే 1732లో తన పెంపకం పద్ధతులు రాసి పంపింది. మాటలు రాగానే పిల్లలకు ప్రభువు ప్రార్థన నేర్పేది. ఐదో పుట్టినరోజు దాటిన మర్నాడే అక్షరాలు, ఆపైన ఆదికాండము మొదటి అధ్యాయం. సాయంత్రం ఐదింటికి పెద్ద పిల్లలు చిన్నవాళ్లను ఒక్కొక్కరిని వెంటబెట్టుకుని కీర్తనలు, కొత్త నిబంధనలో ఒక అధ్యాయం చదివి వినిపించేవాళ్లు. తప్పు ఒప్పుకుంటే దెబ్బలుండవు. ఒకే తప్పుకు రెండోసారి శిక్ష లేదు. ఆడపిల్లకు చదవడం బాగా వచ్చేదాకా ఇంటిపని నేర్పకూడదు.

ఇందులో ఈనాడు ఒప్పుకోలేనివీ ఉన్నాయి. పసివాడి మొండితనం ముందు విరిచేయాలన్నది ఆమె నమ్మకం. ఏడాది నిండేసరికే బెత్తానికి భయపడి మెల్లగా ఏడవడం నేర్పేది. అంత చేసినా అందరి బతుకులూ పండలేదు. కవిత్వం రాసే హెట్టీకి కుదిరిన పెళ్లి దుఃఖమే మిగిల్చింది.

అయినా పిల్లలు తల్లిని చూస్తూ నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. భర్త లండన్‌లో ఉన్న రోజుల్లో ఆమె ఆదివారం సాయంత్రాలు ఇంట్లోవాళ్లకు ప్రసంగాలు చదివి వినిపించేది. ఇరుగుపొరుగులూ వచ్చి చేరారు. చూస్తుండగానే ఆ గుంపు రెండు వందలు దాటింది. సహాయ పాదిరి ఫిర్యాదు చేశాడు. భర్త మానేయమని సూచించాడు. మానాలంటే స్పష్టంగా ఆజ్ఞాపించమనీ, ప్రభువు ముందు జవాబుదారీ ఆయనదేననీ ఆమె తిరిగి రాసింది. ఆజ్ఞ రాలేదు. అప్పటికి జాన్‌కు ఎనిమిదేళ్లు.

దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, అభిషేకం లేని థామస్ మాక్స్‌ఫీల్డ్ లండన్‌లో ప్రసంగిస్తున్నాడని విని జాన్ కోపంతో వచ్చాడు. అతనికీ నీలాగే దేవుని పిలుపు ఉంది, ముందు విని చూడమని తల్లి ఆపింది. జాన్ విన్నాడు, ఒప్పుకున్నాడు. మెథడిస్టు ఉద్యమం ఊరూరా పాకడానికి అలాంటి సామాన్య బోధకులే కారణం. మెథడిస్టు మిషనరీ పోస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. తెలంగాణ పల్లెల్లో వాక్యం మోసినవాళ్లలోనూ అభిషేకం లేని సువార్తికులు, బైబిలు స్త్రీలు ఎందరో.

సుసన్నా తండ్రి శామ్యూల్ ఆన్స్‌లీ ఇంగ్లండు సంఘపు నిబంధనలకు తలవంచక 1662లో పదవి పోగొట్టుకున్న పాదిరి. ఆమె పదమూడేళ్లు నిండకముందే తండ్రి సంఘం వదిలి ఆ ఇంగ్లండు సంఘంలోనే చేరింది. తండ్రి పట్టుదలను మాత్రం వదల్లేదు. జాన్ చివరిదాకా తల్లి సంఘంలోనే ఉన్నా, 1739 నుంచి దాని గోడలు దాటి ఆరుబయట బోధించాడు. అభిప్రాయాలు తరానికోసారి మారాయి. దేవుని ముందు స్వయంగా తేల్చుకోవాలన్న అలవాటు మారలేదు.

తమ భక్తి పిల్లలకూ అందాలనుకునే తల్లిదండ్రులు సుసన్నా బెత్తాన్ని ఆమె కాలానికే వదిలేయాలి. తీసుకోదగ్గది ఆమె వేళాపట్టిక: ఒక్కొక్క బిడ్డకూ విడిగా, ముందే కేటాయించిన సమయం, ఆ సమయంలో చెప్పడం కంటే ఎక్కువగా వినడం.