కల్పనాలోకపు ఆటల్లో జాతి వైవిధ్యం

సాహిత్య విమర్శ పాఠంలో ఆట ప్రస్తావన ఎందుకని మీకు సందేహం రావచ్చు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఒక కథాప్రక్రియ కూడా. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్రను కల్పించుకుని, దాని తరఫున మాట్లాడతారు, పాచికలు వేస్తారు. పాత్ర బలం, చురుకుదనం, తెలివి అన్నీ అంకెల్లో ఉంటాయి.

ఈ ఆటల్లో వైవిధ్యం గురించి మాట్లాడేవారు ఎక్కువగా బొమ్మలు చూస్తారు; నల్లని ముఖాలు ఎన్ని, స్త్రీలు ఎందరు అని లెక్కపెడతారు. అదీ అవసరమే. అయితే విమర్శకులుగా మీరు ముందు చదవవలసినవి నియమాలు. 2016లో వచ్చిన ‘వోలోస్ గైడ్ టు మాన్‌స్టర్స్’ ప్రకారం ఓర్క్ జాతి పాత్రను ఎంచుకుంటే బలానికి రెండు కలుస్తాయి, తెలివిలో రెండు తగ్గుతాయి. ఆ ఓర్క్ ఎక్కడ పెరిగాడు, ఎవరి దగ్గర చదువుకున్నాడు అన్న ప్రశ్నే లేదు. పుట్టుకను బట్టి బుద్ధి! కులవ్యవస్థ గురించి చదువుకున్న మీకు ఈ తర్కం కొత్త కాదు. 2020లో ఆ కోతను తొలగించారు. 2024 నాటి నియమపుస్తకంలో ‘రేస్’ అన్న మాట తీసి ‘స్పీషీస్’ అన్నారు. నా దృష్టిలో మొదటిది అసలు మార్పు, రెండోది పేరు మార్పు.

అంకెలు సరిచేసినా మరో లోపం మిగులుతుంది. మనుషులకు ఎన్నో రాజ్యాలు, ఎన్నో ఆచారాలు ఉంటాయి. ఇతర జాతులకు చాలాసార్లు ఒకే స్వభావం. మరుగుజ్జు అనగానే గడ్డం, గొడ్డలి, గని. మన రాక్షసుడి సంగతే చూడండి. 1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’లోనే అతడు పులితలతో, చేతిలో పైపుతో దర్శనమిస్తాడు. మాయావి, దుష్టుడు, అంతే. రామాయణంలోనైతే రావణుడి ఇంట్లోనే విభీషణుడు ఉన్నాడు. ఆటలోకి రాక్షసుడి పేరు వెళ్లింది గాని, ఆ ఇంటి తగవు వెళ్లలేదు. సంస్కృతి ఉండేది ఆ తగవులోనే.

2022లో వచ్చిన ‘జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటాడెల్’లోని 13 సాహసాలనూ శ్వేతేతర రచయితలే రాశారు. అందులో మన దేశపు దళిత రచయిత్రి మిమి మోండల్ బెంగాల్ స్ఫూర్తితో ‘శంఖభూమి’ని కల్పించారు. లోపలివారి చేతికి కలం రావడం మెచ్చుకోదగినదే. కాని ఒక్కో దేశానికి దక్కినవి ఒక సాహసం, కొద్ది పుటల పరిచయం. ఆటగాడు అక్కడ చుట్టపుచూపుగానే ఉంటాడు. ఊరివాడు కావాలంటే ఆ పుటలు చాలవు.