అద్దాల బీరువాలో ఓడిన ఆటలు

స్టాంపులు పోగుచేసే వాళ్ళున్నారు, పాత నాణేలు దాచుకునే వాళ్ళున్నారు. బజారులో చెల్లక మూలపడ్డ వీడియో గేము పెట్టెల్ని వేలకు వేలు పోసి కొనుక్కునే వాళ్ళు కూడా ఉన్నారు సుమండీ! "పాత సామానుకు ఉల్లిగడ్డలిచ్చేవాడికి వేయాల్సిన వాటికి ఇంత ఖరీదా?" అని బుగ్గలు నొక్కుకోకండి. ఈ సరదాలో కొంత తెలివి ఉంది, కొంత తెలివితక్కువతనమూ ఉంది. రెండూ చెప్పుకుందాం.

మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు 1990లలో పిల్లలు టీవీకి తగిలించి ఆడిన పెట్టె ఏది? జపాన్‌లో 1983లో నింటెండో వారు తెచ్చిన 'ఫ్యామికామ్'కు నకలు. కొన్ని పట్నంలో కొన్నవి, కొన్ని దుబాయ్ నుంచి వచ్చిన అన్నల సూట్‌కేసుల్లో దిగినవి. అందులో పెట్టే ఆటను మనవాళ్ళు 'క్యాసెట్' అనేవారు. అది పనిచేయకపోతే నోటితో ఉఫ్ మని ఊది మళ్ళీ పెట్టేవారు. జాయ్‌స్టిక్కులు రెండు, చేరిన పిల్లలు అరడజను. వంతు కోసం కొట్లాట, వెనక నుంచి సలహాలు. అసలు ఆట అదే లెండి!

అంత సందడి చేసిన నకలు పక్కన ఓడిపోయిన అసలు సరుకును పెట్టి చూడండి. అదే నింటెండో వారు 1995లో 'వర్చువల్ బాయ్' తెచ్చారు. బల్లమీద నిలబెట్టి, అందులో మొహం దూర్చి, చీకట్లో ఎర్రెర్రటి బొమ్మలు చూడాలి. చూసేది ఒక్కరే, పక్కవాళ్ళకేమీ కనబడదు. సుమారు 7 లక్షల 70 వేలు అమ్ముడై, ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. 2003లో నోకియా వారి 'ఎన్-గేజ్' వచ్చింది. ఫోనూ అదే, ఆటా అదే. తీరా చూస్తే ఆట మార్చాలంటే బ్యాటరీ ఊడదీయాలి, మాట్లాడాలంటే ఫోను అంచును చెవికి ఆనించుకోవాలి!

ఇక మన ఆడవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది కాసియో వారి 'లూపీ' సంగతి. 1995 అక్టోబరులో వచ్చింది, జపాన్‌లో మాత్రమే అమ్మారు. ప్రత్యేకం ఆడపిల్లల కోసమట! తెరమీది బొమ్మను స్టిక్కరుగా అచ్చువేసే యంత్రం లోపలే అమర్చారు. ముచ్చటైన ఆలోచనే. కానీ వచ్చిన ఆటలు మొత్తం 10. వాటిలో ఎక్కువ ముస్తాబులూ, వలపు కథలూ, స్టిక్కర్లూను. 1994లోనే సోనీ 'ప్లేస్టేషన్' లాంటి ఘటికులు బరిలోకి దిగారు కనుక పోటీ కష్టమే, కాదనను. అయితే 1980లో తోరు ఇవతాని 'ప్యాక్-మ్యాన్' రూపొందించినప్పుడు కూడా ఆడవాళ్ళు వచ్చి ఆడాలనే అనుకున్నాడు. అతగాడు ముస్తాబులేం పెట్టలేదు. తినడమనే సరదా పట్టుకుని మంచి ఆట తయారుచేశాడు, ఆడా మగా అందరూ ఎగబడ్డారు. ఆడపిల్లను ఆటకు పిలవడం వేరు, ఆడపిల్లకు ఇంతే చాలని గిరి గీయడం వేరు.

అందుకే ఓడిన పెట్టెల్ని దాచడం మంచిదే అంటాను. తయారుచేసినవాడు మనల్ని ఎలాంటివాళ్ళమనుకున్నాడో అవి కళ్ళకు కట్టిస్తాయి.

చిక్కల్లా దాచే తీరుతోనే. సీలు విప్పని పెట్టెకే ఎక్కువ ధర పలుకుతుంది గనుక విప్పరు, ఆడరు. నిర్మల్ కొయ్యబొమ్మ చూడ్డానికి చేసింది, అద్దాల బీరువాలో కూచున్నా దాని పని అది చేస్తూనే ఉంటుంది. ఆటపెట్టె అలా కాదే! పైగా దాచినంత మాత్రాన దక్కుతుందా? పట్టుచీరను మడత మార్చకుండా ఏళ్ళ తరబడి ఉంచితే ఆ మడతల దగ్గరే చీలుతుంది. వర్చువల్ బాయ్ కూడా అంతే. లోపలి తీగల పట్టీ జిగురు వదిలి, బొమ్మ నిండా గీతలు పడతాయి. విప్పి బాగుచేసుకుంటేనే నిలుస్తుంది. ఆడించి చూడకుండా 'ఇది ఎందుకు ఓడింది?' అన్న ప్రశ్నకు జవాబు ఎలా దొరుకుతుంది చెప్పండి?

మీ ఇంట్లో సజ్జ మీద పాత టీవీ గేము ఏదైనా ఉంటే తూకానికి వేయకండి. దించి, దుమ్ము దులిపి, మెకానిక్కుకు ఒకసారి చూపించి పిల్లల్ని పిలవండి. వంతుల దగ్గర మాత్రం "మీరు ఆడుకోండిరా" అని వంటింట్లోకి వెళ్ళిపోకండి, మీ వంతు మీరు అడిగి తీసుకోండి!