ఎవరి చెమట వ్యాయామం?

ఆపరేషనై ఇంటికొచ్చిన మా పెదనాయనకు దవాఖానోళ్లు ఇచ్చిన కాగితంలో "రోజూ వ్యాయామం" అని ఒక్క మాటుంది. ఎంతసేపు, ఎంత జోరుగా అన్నది లేదు. అడిగితే "మీరు కష్టం చేసేటోళ్లే గదా, వేరే వ్యాయామమెందుకు?" అన్నారట. నిడమనూరు దిక్కు సాగర్ ఎడమ కాల్వ కింద కూలి చేసి, మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసిన మనిషి ఆయన. ఆ మాటను మెప్పుగానే తీసుకున్నడు. నేను తీసుకోలేకపోయాను.

గుండె జబ్బు ఉన్నోళ్ల రోగమనే మాట ఇంకా వినబడుతూనే ఉంది. 2003-04లో గోదావరి జిల్లాల 45 పల్లెల్లో మరణాలను లెక్కిస్తే, అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే.

రక్తనాళం లోపలి పొరను ఎండోథీలియం అంటారు. రక్తం జోరుగా పారినప్పుడు ఆ ఒరిపిడికి ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, నాళం వెడల్పవుతుంది. గుండె జబ్బులో ఈ గుణం దెబ్బతిని, వెడల్పు కావాల్సిన చోట నాళం ముడుచుకుంటుంది. 2000లో లైప్‌జిగ్‌లో హాంబ్రెక్ట్ బృందం 19 మంది రోగులతో చేసిన అధ్యయనంలో, వ్యాయామం చేసినవాళ్లలో నాలుగు వారాలకే ఆ ముడుచుకోవడం సగానికి పైగా తగ్గింది. చిన్న అధ్యయనమే. కానీ అందులో వ్యాయామమంటే ఏందో చూడండి: సైకిల్ యంత్రం మీద పదేసి నిమిషాలు, రోజుకు ఆరుసార్లు, గుండె వేగాన్ని చూసుకుంటూ. పది నిమిషాలకు ఆగొచ్చు. మిల్లులో లారీ నిండేదాకా హమాలీని ఆగమనేదెవరు?

ఈ తేడాను డెన్మార్క్ పరిశోధకుడు హోల్టర్‌మన్ బృందం పట్టుకుంది. 2021లో అచ్చయిన వాళ్ల అధ్యయనం 1,04,046 మందిది; రోగులది కాదు, మామూలు జనానిది. తీరికవేళ ఒళ్లు కదిలించేవాళ్లకు గుండె ముప్పు తక్కువ, పనిలో ఒళ్లు హూనం చేసుకునేవాళ్లకు ఎక్కువ అని తేలింది. గంటల తరబడి బరువులెత్తడం, దిగని రక్తపోటు, కోలుకునే వేళ లేకపోవడం కారణాలు కావచ్చంటారు. చదువు, ఆదాయం, పొగ వంటివి లెక్కలోకి తీసుకున్నామన్నారు. పేదరికాన్ని లెక్కలోంచి మొత్తం తీసేసే గణితం ఉందంటే నేను నమ్మను. పైగా వాళ్ల పట్టికలో "పని" ఒక గడి మాత్రమే. మన దగ్గర ఆ గడిలో ఎవరుండాలో కులం ముందే రాసిపెట్టింది.

మరి మన దేశంలో? ప్రభాకరన్ బృందం 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో చేసిన యోగా పునరావాస పరీక్ష 2020లో అచ్చయింది. ఖరీదైన యంత్రాలు వద్దనుకోవడం మంచి పనే. మరణాలు, మళ్లీ పోట్లు తగ్గాయని గట్టిగా చెప్పలేకపోయారు, ఆ నిజాయితీ మెచ్చదగిందే. నా పేచీ ఒక్క కొలత మీద: రోగి గుండెపోటుకు ముందరి పనులకు తిరిగి పోగలిగాడా అన్నది. గుమాస్తాకు అది కోలుకోవడమే. హమాలీకి? మళ్లీ బస్తా కిందికే గదా. రోగి ఏ పనిలోకి పోతున్నాడో అడగకుండా, పోయాడా లేదా అని లెక్కగడితే ఆ అంకె ఎవరి బాగును చెప్తది?

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వల్లనే మా పెదనాయన బతికిండు, దాన్ని తీసెయ్యను. కానీ కోసి కుట్టినాక ఆర్నెల్లు పని మానితే కూలి ఎవరిస్తరు? ఆ కూలి లేకుండా ఏ నడక చార్టూ మా వాడలో గోడకు మించి పోదు. ఊరి రోడ్డు మీద చేతులూపుకుంట నడిస్తే "పనికి రాడు గానీ షికార్లా" అంటరని, ఆయన చీకటితోనే కాల్వ కట్ట మీద నడిచొస్తుండు. మా పెద్దమ్మకు ఆ చీకటి కూడా లేదు.