మహమ్మారి చిత్రములు - భయానకరస విచారము

పూర్వసూత్రమందలి పదము ఉత్తరసూత్రమునకు వచ్చి యర్థమును పూరించుట యనువృత్తి. ఏ పదము రావలయునో, ఏది నిలిచిపోవలయునో యెఱుగనివానికి పాణినీయము సుగమము గాదు. రెండవ భాగములను పేర నవతరించు చలనచిత్రములకును ఈ న్యాయమే వర్తించును. మొదటికథనుండి యేది యనువర్తించినది, ఏది నివర్తించినది, అందువలని లాభనష్టము లెవ్వి యని విచారించుటయే యట్టి కృతుల విమర్శమునకు ప్రథమసోపానము.

2007లో స్పెయిను దేశమున "రెక్" అను చిత్రము వెలువడెను. దానినే అమెరికావారు 2008లో "క్వారంటైన్" అను పేర మరల నిర్మించిరి. ఒక వార్తావిలేఖినియు, ఆమె వెంట ఛాయాగ్రాహకుడును అగ్నిమాపకదళముతోఁ గూడ నొక గృహసముదాయమునఁ బ్రవేశింతురు. అచట నున్మాదకరమగు సాంక్రామికవ్యాధి ప్రబలును. అధికారులు ద్వారములు మూయింతురు. ఛాయాగ్రాహకుని యంత్రము చూచినంతయే ప్రేక్షకుఁడును జూచును. దీని యుత్తరభాగము 2011లో జాన్ పోగ్ దర్శకత్వమున వచ్చిన "క్వారంటైన్ 2: టెర్మినల్". స్పెయినువారు తమ రెండవభాగమున నా గృహమును విడువరైరి. అమెరికావారు మాత్రము అదే రాత్రి లాస్ ఏంజెలెస్ నుండి బయలుదేరిన విమానమునకుఁ గథను మరల్చిరి. అందొక ప్రయాణికుఁడు మూషికజాతి జంతువుచేఁ గఱవఁబడి యున్మత్తుఁడగును. విమానము దిగును గాని, దిగినవారికి విమానాశ్రయము విడిచిపోవ వీలుండదు. వెలుపల సాయుధులు, లోపల వ్యాధి.

ఇందు వ్యాధియు, మూసిన తలుపును అనువర్తించినవి, యంత్రదృష్టి నివర్తించినది. ఈ నివృత్తి నష్టమే. పూర్వభాగమునఁ బాత్రల యజ్ఞానమే ప్రేక్షకుని యజ్ఞానము. చీఁకటిలో నేమున్నదో చూపువానికిని దెలియదు. ఉత్తరభాగమున సర్వమును జూచు తటస్థదృష్టి వచ్చుటతో శంకయను సంచారిభావము క్షీణించినది. లాభమును లేకపోలేదు. గృహమునకు ద్వారమును మూయువాఁ డొకఁడు కావలెను. ఆకాశమున నా యక్కఱయే లేదు. ఇఱుకైన యాసనములు, తోడివాని యూపిరి, క్రింద భూమి లేకుండుట, ఇన్నియు స్వయముగానే యుద్దీపనవిభావములు. స్వల్పధనముతో నిర్మించిన చిత్రమునకు స్థలసంకోచము దోషము గాక గుణమైన ఘట్టమిది. విమానము దిగిన పిదప నా గుణము సన్నగిల్లి, కథ తిరిగి తొల్లింటి గృహముఖమునే పట్టినది.

నామమునఁ జక్కని శ్లేష కలదు. టెర్మినల్ అనఁగా యాత్రాంతస్థానము. మరణాంతమను నర్థమును గలదు. క్వారంటైన్ శబ్దమునకు మూలము వెనీసువారి భాషలో నలువది యను సంఖ్య. వచ్చిన నావలను 40 దినములు దూరముగా నిలిపి యుంచుట దాని మొదటి యర్థము. నావనుండి విమానమునకు వచ్చినను శబ్దము చెడలేదు, భయమును చెడలేదు.

ప్రధానదోష మింకొకటి. వ్యాధికిఁ గారకుఁడు ప్రయాణికులలోనే దాఁగియున్న హెన్రీ యనువాఁడనియు, బుద్ధిపూర్వకముగానే యాతఁడు దానిని వెంటఁదెచ్చెననియుఁ దుదకుఁ దేలును. ఈ రహస్యభేదనము వలనఁ గథకు మలుపు గలిగినది గాని రసమునకు విఘాతము గలిగినది. వ్యాధికి ద్వేషము లేదు. ద్వేషము లేని దగుటచేతనే యది భయంకరము. వేఁడుకొన్న విడువదు, ఎదిరించిన సిగ్గుపడదు. దానికొక దుర్మార్గుని కర్తగాఁ గల్పించిన తోడనే ప్రేక్షకుని భయము క్రోధమగును. భయానకము రౌద్రమునకుఁ జోటిచ్చును. కర్త యొకఁడు దొరకుట మనస్సున కూఱట. ఆ యూఱట యిట్టి కథకుఁ దగదు.

తెలుఁగున నీ జాతి చిత్రములలోఁ జెప్పఁదగినది 2021 ఫిబ్రవరి 5వ తేదీన విడుదలయైన "జాంబీ రెడ్డి". దర్శకుఁడు ప్రశాంత్ వర్మ. నాయకపాత్రధారి తేజ సజ్జా. పేరే యొక మిశ్రసమాసము. ఒక పదము ఖండాంతరమునుండి వచ్చినది, ఒకటి యింటిది. వైయాకరణులు దీనికి సమ్మతింపరు గాని, ముఠాకక్షల కథకు వైరిసమాసము వంటి పేరు తగియేయున్నది. క్రీడానిర్మాత యగు నాయకుఁడు మిత్రులతోఁ గూడి కర్నూలు సీమకు మఱియొక మిత్రుని పెండ్లికిఁ బోవును. కోవిడు వ్యాధికి మందు వెదకు ప్రయోగమే వికటించి క్రొత్త యున్మాదమునకు హేతువగును. ఇచటను మనుష్యుఁడే కారణము. కాని చంపఁదలఁచినవాఁడు గాఁడు, బ్రతికింపఁబోయినవాఁడు. హెన్రీకిని వీనికిని గల యీ భేదము చిన్నది గాదు. మొదటిదాని మూలము ద్వేషము, రెండవదాని మూలము ఆశ. రెండవదే కరుణకు దగ్గఱ.

హాస్యభయానకములు పరస్పరవిరోధులని విశ్వనాథుని మతము. ఐనను ఈ చిత్రమందు రెండును గలసియున్నవి. విరుద్ధరసములకు భిన్నాశ్రయములు కల్పించినచో దోషము లేదని యానందవర్ధనుని సిద్ధాంతము. పాత్రలు భయపడుచుండఁగాఁ బ్రేక్షకులు నవ్వినచోట నీ పరిహారము చక్కఁగా సిద్ధించినది. కత్తులు నూఱుకొను కక్షలవారికి, ఏ కక్షయు నెఱుఁగని శత్రువు దాపురించుట మంచి కల్పన. పాత్రయే తన భయమును దానే పరిహాసాస్పదముగాఁ జేసికొన్నచోట మాత్రము ఆశ్రయమొకటే యగుటచే రెండు రసములును జెడినవి.

అల్పవ్యయముతోఁ దీసిన వినోదములకు రసవిచారమేల యని కొంద ఱనవచ్చును. భాణప్రహసనములను సయితము దశరూపకములలోఁ జేర్చి లక్షణము చెప్పిన సంప్రదాయమిది. వస్తువు చిన్నదైనంత మాత్రమున శాస్త్రము దానిని విడువదు. అదియుఁగాక యీ కథలు నేఁడు కేవలకల్పనలు గావు. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశమునఁ గోవిడు మొదట బయటపడినది ఇటలీనుండి నెల్లూరికి వచ్చిన విద్యార్థియందు. పిదప లండనునుండి ఒంగోలు వచ్చిన యువకునియందు. ఇరువురును విమానయాత్రికులే. ఆ రెండు పట్టణములకు నడుమ రైలుదారినున్న సింగరాయకొండ వంటి యూళ్లలో నాఁడు విమానయానమన్నను, విదేశమన్నను బెదరనివా రరుదు. మార్చి 25న దేశమంతట సంచారము నిలిపివేయఁబడెను. తలుపులు మూసినది తెరమీఁద గాదు. వచ్చినవాఁడు కఱచు భూతమును గాఁడు. ఎవరికో కొడుకు, ఎవరికో పొరుగువాఁడు. ఐనను మృతులకు శ్మశానమునఁ దావియ్య నిరాకరించిన దృష్టాంతములు దేశమున నా యేఁడు గానవచ్చినవి.

రుగ్ణుని శత్రువుగాఁ జూపు కథకు నిట్టి కాలమున బాధ్యత కలదు. బీభత్సమునుండి భయానకము పుట్టునని భరతమతము. రుగ్ణదేహమును బీభత్సముగాఁ జూపుట సులభము. ఆ దేహము నిన్నటి మనుష్యునిదే యని మఱవనీకుండుట కష్టము. జుగుప్సతో నిలిచిన కృతి బెదరించును. స్మృతితోఁ గూడిన కృతి బెదరించుచునే యేడిపించును.

సింగరాయఁడనఁగా నరసింహుఁడే, సింహశబ్దమునకుఁ దద్భవము సింగము. ఆ కొండమీఁది స్వామి కథయందు రూపమొకటే. హిరణ్యకశిపునకది భయహేతువు, ప్రహ్లాదున కభయము. ఆలంబన మొకటైనను ఆశ్రయమును బట్టి రసము మాఱునని దీనికన్నఁ జక్కని నిదర్శనము లేదు. మహమ్మారి కథలు వ్రాయువారికిని ఇదియే మార్గము. వ్యాధిపీడితుఁడు చూచువానికి భయహేతువు గావచ్చును. వానిని గన్నతల్లికిఁ గాఁడు. ఆ తల్లిచూపునకు రవంతయేనిఁ జోటు లేని చిత్రము, ఎన్ని భాగములుగా ననువర్తించినను, అసంపూర్ణసూత్రమే.