ఎర బతికుంటేనే

పులస గోదావరికి ఎదురెక్కినట్టే, స్ట్రైప్డ్ బాస్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి నదుల్లోకి వస్తుంది. ఒంటి పొడవునా నల్లటి చారలున్న ఈ చేపది అమెరికా తూర్పు తీరం. చీసపీక్ అఖాతంలో కలిసే నదుల్లో, హడ్సన్ నదిలో వసంతంలో గుడ్లు పెట్టడం ముగించుకుని పెద్దవి చల్లని నీటి కోసం ఉత్తరానికి పోతాయి. వేసవిలో మాంటాక్, బ్లాక్ ఐలాండ్, కేప్ కాడ్ దగ్గర దొరికే భారీ చేపల్లో దాదాపు అన్నీ ఆడవే.

నీరు వేడెక్కితే ఇవి పగలు లోతున, రాళ్ల పక్కన నిలిచిపోతాయి. రబ్బరు ఎర వెంట పరుగెత్తడం అరుదు. కళ్ల ముందు బెదిరి కొట్టుకుంటున్న మెన్‌హేడెన్‌ను మాత్రం వదలలేవు. కవళ్లలా నూనె నిండి, గుంపులుగా తిరిగే ఈ చేపను విసురువలతో పట్టడం తేలికే, బతికించడమే కష్టం. మూలలున్న తొట్టిలో ముక్కు కొట్టుకుని చస్తుంది. గుండ్రటి తొట్టి, ఆగకుండా పారే సముద్రపు నీరు కావాలి. ఆశకొద్దీ కుక్కితే అన్నీ పోతాయి. గాలాన్ని ముక్కు రంధ్రాల్లోంచి గుచ్చితే ఎర తన తీరున ఈదుతుంది.

రాత్రివేళ ఎరగా మలుగుపాముదే రాజ్యం. తడిగుడ్డలో గంటల తరబడి బతుకుతుంది. మంచు మీద ఉంచకపోతే చేతికి చిక్కదు, తాడంతా చిక్కుముడి చేస్తుంది. 2011లో కనెక్టికట్ తీరాన గ్రెగ్ మైయర్సన్ పట్టిన 81.88 పౌండ్ల రికార్డు బాస్, అంటే సుమారు 37 కిలోలది, నోరు పెట్టింది మలుగుపాము మీదే.

చేప అందుకోగానే కర్రను ఎగలాగడం పాత అలవాటు. మొన లోపలికి వంగిన సర్కిల్ హుక్‌తో అది పనికిరాదు. చేప ఎర మింగి పక్కకు తిరిగితే తాడు దానంతట అదే బిగుస్తుంది. హుక్ గొంతులోంచి జారి నోటి మూలన కరుచుకుంటుంది. ఏళ్ల తరబడి లాగిన చెయ్యికి ఊరుకోవడం అంత సులువుగా రాదు. ఎరతో పట్టేవారికి 2021 నుంచి ఈ హుక్ తప్పనిసరి. 2023 నుంచి సముద్రంలో వినోదానికి వేటాడేవారు 28 నుంచి 31 అంగుళాల చేపనే ఉంచుకోవాలి. అంటే ఇంత తంటాలు పడి పట్టే పెద్ద చేపను తిరిగి వదలాల్సిందే.

వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ. అలసిపోయిన చేప తేరుకోవడం కష్టం. మేరీలాండ్ రాష్ట్రం తన అఖాతం జలాల్లో కొన్నేళ్లపాటు జులై 16 నుంచి 31 వరకు ఈ వేటనే ఆపింది అందుకే. గట్టి తాడుతో త్వరగా లాగి, వీలైతే నీళ్లలోనే హుక్ తీయాలి. ఫొటో కోసం దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే అంత బరువున్న చేపకు లోపల దెబ్బ తగులుతుంది. పొట్ట కింద చెయ్యి ఆనించి, తోక కొట్టి జారిపోయేదాకా నీళ్లలో పట్టుకోవాలి.