గడ్డ కరిగినంతనే గండము గడచునా?

కాలి సిరలలో పుట్టిన రక్తపుగడ్డ తెగి, గుండె కుడిభాగము గుండా పోయి ఊపిరితిత్తుల ధమనిలో చిక్కుకొనుట ప్రాణాపాయకరము. గడ్డను కట్టియుంచు పోగు ఫైబ్రిన్. టెనెక్టెప్లేజ్ అను మందు రక్తములోని ప్లాస్మినోజన్‌ను ప్లాస్మిన్‌గా మార్చును. ప్లాస్మిన్ ఆ పోగులను తెంచును. హెపారిన్ అట్టిది కాదు. అది గడ్డ పెరుగకుండ అడ్డుపడునే గాని, ఉన్నదానిని తాను కరిగింపదు.

రక్తపుపోటు పడిపోయిన రోగికి కరిగించు మందు తగునని వైద్యులు సాధారణముగా అంగీకరింతురు. పోటు నిలకడగా నుండి, గుండె కుడిభాగము మాత్రము అలసిన రోగి సంగతియే చిక్కు. దీనిని తేల్చుటకు వేయిమందికి పైగా రోగులపై జరిపిన ‘పైథో’ పరీక్షా ఫలితములు 2014లో వెలువడినవి. హెపారిన్ మాత్రమే పొందిన 499 మందిలో 28 మంది 7 దినములలో మరణించుటయో, రక్తప్రసరణ కుంగి విషమస్థితికి వచ్చుటయో జరిగెను. టెనెక్టెప్లేజ్ కూడ పొందిన 506 మందిలో అట్టివారు 13 మందియే.

చూచుటకిది ఘనవిజయము. కాని ఈ లెక్కలో మరణమును, విషమస్థితిని ఒకే రాశిగా పోసిరి. మరణములను విడదీసినచో 9, 6 మాత్రమే. ఇంత స్వల్పభేదము యాదృచ్ఛికము కావచ్చును. రెండవ ప్రక్క చూడుడు: మందు పొందినవారిలో 12 మందికి పక్షవాతము, అందు 10 మందికి మెదడులో రక్తస్రావము, హెపారిన్ పక్షమున పక్షవాతము ఒక్కరికే. కుంగిన రక్తప్రసరణను పలుమారులు నిలబెట్టవచ్చును. చెడిన మెదడును మరల తేలేము. ఈ నష్టమును దాచక ప్రకటించుట ఆ పరీక్షకు గౌరవము. 2019 నాటి యూరపు హృద్రోగవైద్యుల సూచనలును ఇట్టి రోగులందరికీ మందు వాడవద్దనియు, స్థితి విషమించినప్పుడు వాడవలెననియు చెప్పినవి.

ఈ ఫలితమును యూరపువారే గాక మనవారును చదువవలెను. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఏర్పడినవి. అచ్చటి విద్యార్థులు గమనింపవలసిన లోతు ఒకటి కలదు. పరీక్షలో హెపారిన్ పక్షమువారిని కనిపెట్టియుండి, విషమించినప్పుడు కరిగించు మందు ఇచ్చుటకు వీలుండెను. రేయింబవళ్లు అట్టి కాపుదల లేనిచోట “వేచిచూడుడు” అను మాటకు విలువ తగ్గును. అట్లని తొందరపడి మందిచ్చుటయు తగదు. రక్తస్రావమైనచో ఆదుకొనుటకును ఆ కాపుదలయే కావలెను. పైగా శస్త్రచికిత్స గడ్డకు కారణమైనట్లే ఈ మందుకు అడ్డంకియు నగును.

కావున అంకెను చూచినప్పుడు అందేమి కలిపిరో, రోగులను ఎట్లు కాచిరో మొదట అడుగవలెను.