‘యయాతి చరిత్రము’: అచ్చతెనుగులో మిశ్రవంశకథ

పొన్నెగంటి తెలగనార్యుని ‘యయాతి చరిత్రము’ తొలి అచ్చతెనుగు కావ్యంగా ప్రసిద్ధం. 16వ శతాబ్దికి చెందిన ఈ కృతిని కవి పటాన్‌చెరు పాలకుడు అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. కావ్యంలోని భాషానియమానికీ కథకూ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

భాష ‘అచ్చ’మైనది, కథ సాంకర్యానిది. క్షత్రియుడైన యయాతికి శుక్రాచార్యుని కూతురు దేవయాని వలన యదు తుర్వసులు, దానవరాజు వృషపర్వుని కూతురు శర్మిష్ఠ వలన ద్రుహ్యుడు, అనువు, పూరుడు జన్మించారు. రాజ్యం కడగొట్టు కొడుకైన పూరునికి దక్కింది. పాండవులు అతని వంశీయులే. అంటే వారి మూలమాతల్లో దానవకన్య ఉంది. తుర్వసుని సంతతి యవనులని సంస్కృతభారతం ఆదిపర్వం చెబుతుంది. ముస్లిములను యవనులని వ్యవహరించిన కాలంలో ఈ కథ ఒక ఖానుకు అంకితమైంది. ఇది కవి ఉద్దేశపూర్వకంగా చేసినదని నిరూపించలేం. కృతిపతిని ఆ వంశవృక్షం పరాయివానిగా నిలపదన్నది మాత్రం స్పష్టం.

భాషానియమం కూడా ఇదే చెబుతుంది. అచ్చతెనుగు తత్సమాన్ని వర్జించి తద్భవాన్ని స్వీకరిస్తుంది. ‘ఆకాశము’ కూడదు, ‘ఆకసము’ కూడుతుంది. రెండింటి పుట్టుక ఒకటే. తెలుగు నోట నలిగి రూపు మారినది ఇంటిమాట అయింది. కనుక ‘అచ్చ’దనానికి కొలత జన్మశుద్ధి కాదు, స్థిరపడిన తీరు.

నేడు పటాన్‌చెరునూ నార్సింగినీ బాహ్యవలయ రహదారి కలుపుతోంది. ఎక్కడెక్కడివారో వచ్చి ఇళ్లు కట్టుకున్న ఈ పడమటి హైదరాబాదులో ‘అసలు మీదే ఊరు?’ అన్న ప్రశ్న సహజం. వంశాన్ని తండ్రి పేరుతోనే వెదికే అలవాటును శర్మిష్ఠ ప్రశ్నిస్తుంది. మూలంతోనే మనిషిని తూచే అలవాటును తద్భవం ప్రశ్నిస్తుంది.